స్కాట్లాండు జామ జెల్లీ

నాకు కోపం తొందరగా వస్తుందని మా ఇంట్లో అందరూ అంటారు. వస్తే రానివ్వండి. రావాల్సిన చోట కూడా రాకపోతే అది ఉండి ఏం లాభం? తొంభైల చివర్లో, హైటెక్ సిటీ అద్దాలు కొత్తగా మెరుస్తున్న రోజుల్లో, ఒక జెల్లీ సీసా నాకు తెప్పించిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. చల్లార్చుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

అప్పుడు మేం చందానగర్‌లో ఉండేవాళ్ళం. మాది తెనాలి వైపు. మావారు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, బదిలీ మీద హైదరాబాదు వచ్చాం. పిల్లలు స్కూలుకి వెళ్ళాక గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం నా వల్ల కాక, పళ్ళు నిల్వ చేసే పద్ధతుల మీద ఆడవాళ్ళకి ప్రభుత్వం వారు ఇచ్చే శిక్షణలో చేరాను. నాతో చేరినవాళ్ళంతా టమాటా సాసు, మామిడి స్క్వాషు నేర్చుకుని ఇళ్ళకి పోయారు. నాకు జామ జెల్లీ దగ్గర మనసు ఆగింది.

జామ జెల్లీ చెయ్యడం తేలికని ఎవరైనా అంటే వాళ్ళని మా వంటగదిలో ఒక పూట నిలబెట్టాలి. దోరకాయలు, పండినవి కలిపి కొయ్యాలి. నీళ్ళు పోసి మెత్తగా ఉడికించి, పల్చటి గుడ్డలో మూటగట్టి వేలాడదియ్యాలి. రసం దానంతటది కారాలి. తొందరపడి మూట పిండామా, జెల్లీ మబ్బు పట్టినట్టు తయారవుతుంది. ఆ రసంలో పంచదార, నిమ్మరసం వేసి, పొయ్యి దగ్గర నుంచి కదలకుండా కాచాలి. నాకు ఓపిక లేదనే వాళ్ళెవరూ ఆ మూట పక్కన నేను కాచుక్కూర్చోవడం చూడలేదు.

కాయలు నల్లగండ్ల నుంచి వచ్చేవి. అప్పటికి నల్లగండ్ల అంటే ఊరే, అపార్ట్‌మెంట్లు లేవు. అక్కడ ఒకావిడకి ఇంటి వెనక జామచెట్లు ఉండేవి. కాయ కోస్తే లోపల గులాబీ రంగు. మొదట్లో చందానగర్ మార్కెట్లో గంప పెట్టుకుని అమ్మేది. నేను గంప గంపంతా కొంటుంటే, "గిన్ని కాయలతోని ఏం జేస్తవక్కా?" అని అడిగింది. చూద్దువు గాని రమ్మన్నాను. వచ్చి చూసింది, ఆ తర్వాత కాయలు తేవడమే కాదు, కొయ్యడం, ఉడికించడం, వడకట్టడం, అన్నిట్లోనూ నాతోనే ఉండేది. ఆ ఇంటికి ఆధారం ఆ చెట్లే. మార్కెట్లో గంప దించితే సాయంత్రానికి సగం కాయలు మెత్తబడి పారబోసుకునేది, నాకిస్తే ఒక్క కాయ కూడా వృథా పోయేది కాదు.

పెరటి వైపు గదికి గచ్చు బాగు చేయించి, కిటికీలకి జాలీ కొట్టించి, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి లైసెన్సు తెచ్చుకున్నాను. లేబుల్ అచ్చు వేయించాం. దాని మీద నా పేరు, మా వీధి, చందానగర్. శుభలేఖ తర్వాత నా పేరు అచ్చులో చూసుకోవడం అదే. వెనక రాయాల్సిన ఇంగ్లీషంతా మావారే రాశారు. ఆవకాయ జాడీ ఎవరికిచ్చినా చెప్పినట్టే, తడి చెయ్యి పెట్టొద్దు, ఎంగిలి స్పూను పెట్టొద్దు అని కూడా రాయమన్నాను. ఎంగిలిని ఇంగ్లీషులో ఏమంటారో ఆయనకి తట్టలేదు. చాలాసేపు పెన్ను కొరికి, 'డు నాట్ పుట్ వెట్ హ్యాండ్ ఆర్ టేస్టెడ్ స్పూన్' అని రాశారు. రుచి చూసిన స్పూను పెట్టకండి అన్నమాట. నేను సరేనన్నాను.

మాదాపూర్ రోడ్డు మీద అప్పుడే ఒక ఏసీ సూపర్ మార్కెట్ తెరిచారు. మనమే బుట్ట పట్టుకుని తిరుగుతూ కావలసినవి ఏరుకునే కొట్టు నేను చూడటం అదే మొదలు. చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కుటుంబాలన్నీ అక్కడికే వచ్చేవి. ఓనరు కూడా తెనాలి దగ్గరివాడే. "మనం మనం ఒకవైపు వాళ్ళం, మీ సీసాలు పెట్టకపోతే ఎలాగండీ," అన్నాడు. పెట్టాడు. అన్నిటికన్నా కింది అరలో, చీపుళ్ళ పక్కన. అదైనా దొరికింది కదా అని సంబరపడ్డాను.

నెల తిరిగేసరికి అతని మొహం మారింది.

"మీ సీసాలు కదలట్లేదండి. దీపావళి దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే అర ఖాళీ చెయ్యాలి మరి."

నాకు కావలసింది ఆ అరే. అక్కడ నా పేరున్న సీసా నిలబడితే, రేపు ఇంకో కొట్టుకి వెళ్ళి తలెత్తుకుని అడగొచ్చు. అక్కడి నుంచి తీసేశారన్న మాట బయటికొచ్చిందా, ఇంకెవరూ గుమ్మం ఎక్కనివ్వరు. ఏం తక్కువైందో చెప్పండి, సరిచేసుకుంటానన్నాను.

"ఏదో తగ్గిందండి రుచిలో. ఫారిన్ సరుక్కీ మన సరుక్కీ తేడా ఉంటుంది కదా."

ఆ ఒక్క మాట పట్టుకుని నేను పడ్డ పాట్లు చెబితే నవ్వుతారు. విడిగా చిన్న గిన్నెలో కాచి, ఒకసారి పంచదార తగ్గించాను, ఒకసారి నిమ్మరసం పెంచాను. కాయలు మరీ పండాయా అని నల్లగండ్ల ఆవిడని వేపుకు తిన్నాను. చేసిందల్లా మావారి చేత, పిల్లల చేత తినిపించి, వాళ్ళకి జామకాయ కనిపిస్తేనే మొహం మొత్తేలా చేశాను. ఎలా చేసినా మొదట చేసిందే బాగుందనేవాళ్ళు. ఇంట్లోవాళ్ళు కాబట్టి అంటున్నారనుకుని వాళ్ళ మీదే విసుక్కునేదాన్ని.

ఇంత చెప్పిన మనిషి, పెద్ద డబ్బాల్లో మాత్రం ఎంత చేస్తే అంత తెమ్మనేవాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీల గెస్ట్ హౌసులకి వెళ్తాయండి, అక్కడ సీసాలతో పని లేదు, డబ్బాల్లో పోసి ఇచ్చెయ్యండి అన్నాడు. వారం వారం ఆ డబ్బాలు పెరుగుతూనే ఉన్నాయి. కాయల్లో ఎక్కువ భాగం వాటికే పోయేవి. గెస్ట్ హౌసుల్లో ఊరికే పెట్టేదానికి ఎవరు వంక పెడతారులే అనుకున్నాను.

దసరా సెలవుల్లో మా తోటికోడలు టిఫినుకి పిలిచింది. మా మరిదికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మాదాపూర్‌లో ఫ్లాటు. ఆ పిల్ల మంచిదే. మనసులో ఏదీ దాచుకోదు, ఏది తోస్తే అది పైకి అనేస్తుంది. ఆ రోజు బ్రెడ్డు కాల్చి పెట్టి, పక్కన ఒక సీసా పెట్టింది. ఆరు పలకల సీసా, బంగారు రంగు మూత. దాని మీద ఒక కోట బొమ్మ, కోట ముందు గళ్ళ లంగా కట్టుకుని సన్నాయిలాంటిదేదో ఊదుతున్న మీసాల మగవాడు. కింద పెద్ద అక్షరాలతో 'ప్రొడక్ట్ ఆఫ్ స్కాట్లాండ్'. ఇంకా కింద 'గువా జెల్లీ'.

"మీరూ చేస్తారు కదా అక్కా, ఒకసారి ఇది రుచి చూడండి. ఇలా చేశారంటే మీ సీసాలు కూడా పోతాయి," అంది. "మా ఫ్లాట్లలో అందరూ ఇదే తెచ్చుకుంటున్నారు. అక్కడి నీళ్ళలోనే ఏదో ఉంటుందిట."

నోట్లో పెట్టుకున్నాను. మన చేతి వంట మనకి తెలియకుండా పోతుందా? అయినా నన్ను నేనే తిట్టుకున్నాను, లోకంలో మంచి జెల్లీ అంతా నువ్వే చేస్తావనుకోకు అని. సీసా తిప్పి చూశాను. వెనక సన్నటి అక్షరాల్లో ఏవేవో రాసున్నాయి. కళ్ళజోడు తీసి పెట్టుకుని చదివాను. డు నాట్ పుట్ వెట్ హ్యాండ్ ఆర్ టేస్టెడ్ స్పూన్.

అరికాలి మంట నెత్తికెక్కింది. స్కాట్లాండువాడికి ఎంగిలేమిటి? వాడికి అంటు తెలుసా, మడి తెలుసా? ఆ ముక్క భూమ్మీద మావారు తప్ప ఇంకెవరూ రాసి ఉండరు. ఈ లేబుల్ రాసిన దొంగ ఎవడో నా లేబుల్ ముందు పెట్టుకుని, నా పేరు, మా వీధి వదిలేసి, మిగతాదంతా పొల్లు పోకుండా దింపేసుకున్నాడు. అన్నిటికన్నా అడుగున, చీమ తలకాయంత అక్షరాలతో, ప్యాక్ చేసింది జీడిమెట్లలో అని ఉంది. మందుల కంపెనీల పొగలో నా జెల్లీకి కొత్త దేశం అంటగట్టారు.

"ఇది నేను చేసింది," అన్నాను.

మా తోటికోడలు నవ్వింది. "జోకులెయ్యకండక్కా."

ఎంగిలి స్పూను సంగతి చెప్పాను. లేబుల్ మీద చూపుడు వేలు పెట్టి చదివి చూపించాను. ఆ పిల్ల శ్రద్ధగా వింది.

"అక్కడా అలాగే రాస్తారేమోనక్కా," అంది.

ఎక్కడ కొన్నావని అడిగితే, మీరు సీసాలు వేసే కొట్లోనే, పై అరలో, కళ్ళకి ఎదురుగానే ఉంటాయి, మీరు చూడలేదా అంది. నేనెక్కడ చూస్తాను? సరుకు వేసేవాళ్ళు వెనక గుమ్మం నుంచే రావాలని ఆ ఓనరు పెట్టిన రూలు. మొదటిరోజు సీసాలు సర్దించడానికి లోపలికి వెళ్ళానంతే. ఆ సీసా అడిగి పట్టుకుని ఇంటికొచ్చేశాను.

మర్నాడు నల్లగండ్ల ఆవిడ గంప దించగానే సీసా ఆమె చేతిలో పెట్టాను. చదువు రాదు కాబట్టి ఏం రాశారో చెప్పాను. ముందు పకపకా నవ్వింది.

"నా చెట్లు ఇమానమెప్పుడు ఎక్కినయక్కా, నాకు చెప్పకుంట?"

నవ్వడం అయ్యాక అడగాల్సింది అడిగింది. "మరి నువ్వు వోయి లొల్లి వెట్టుకుంటే, పెద్ద డబ్బాలు బంద్ వెడ్తడా?"

"పెట్టినా పెడతాడు."

"నా కాయలన్ని అండ్లకే పోతున్నయి గద."

"నువ్వు వద్దంటే నోరు మూసుకుంటాను," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడానికి ఎంత కష్టపడిందో నాకే తెలుసు.

ఆమె కత్తిపీట ముందుకు లాక్కుని గంపలో సగం కాయలు కోసింది. ఆ తర్వాత తలెత్తకుండానే అంది, "నోరు మూసుకోని నువ్వు ఇంట్ల తిరుగుతుంటే నేను చూడలేను గని, పో. పోయి అడుగు. జర నిమ్మలంగ అడుగు."

నిమ్మళంగా అడగాలనే బయల్దేరాను. మా తోటికోడల్ని కూడా రమ్మన్నాను. డబ్బు పెట్టి కొన్న మనిషి పక్కనుంటే నన్ను పిచ్చిదాన్ని చేసి గెంటెయ్యడానికి వీలుండదని. ఆ పిల్లకీ అక్కడ పనుంది, దీపావళికి మా మరిది వాళ్ళ మేనేజర్‌కి ఏదైనా కొనాలి. నేను చందానగర్‌లో సెవెన్ సీటర్ ఆటో ఎక్కి, కొండాపూర్ మీదుగా దుమ్ము కొట్టుకుంటూ వెళ్ళేసరికి ఆ పిల్ల కొట్టు ముందు నిలబడి ఉంది. ముందు గుమ్మం నుంచి లోపలికి వెళ్ళాం.

పై అర ఈ చివర నుంచి ఆ చివర దాకా స్కాట్లాండే. మీసాలాయన వరసగా నిలబడి సన్నాయి ఊదుతున్నాడు. మా తోటికోడలు నడుస్తూ నడుస్తూనే రెండు సీసాలు తీసి బుట్టలో వేసుకుంది, మేనేజర్‌గారికి బాగుంటాయంటూ. నేను కిందికి వంగి చూశాను. చీపుళ్ళ వెనక నా సీసాలు, నేను సర్దించినవి సర్దించినట్టే ఉన్నాయి, మూతల మీద దుమ్ము. ఒక చీపురు పుల్ల నా పేరు మీద అడ్డంగా పడి ఉంది.

ఓనరు నన్ను చూసి గబగబా వచ్చాడు. పై అరలోంచి ఒక సీసా తీసి అతని ముందు పెట్టాను.

"ఇది ఎవరు చేశారండీ?" అన్నాను, నిమ్మళంగానే.

"స్కాట్లాండు కంపెనీదండి. బాగా పోతోంది." నా కళ్ళలోకి చూసి చెప్పాడు.

ఇందాకటి నుంచి అతను, అతను అని మర్యాదగా రాస్తున్నాను. ఇక నా వల్ల కాదు. వాడు అనే రాస్తాను.

"స్కాట్లాండులో జామచెట్లు ఉన్నాయా?"

"కొంచెం మెల్లగా మేడమ్. కస్టమర్లు ఉన్నారు."

"మంచు పడే దేశంలో జామ ఎలా కాసిందని ఇంతమందిలో ఒక్కరూ అడగలేదా మిమ్మల్ని?"

"అడగరండి," అన్నాడు వాడు. "కోట బొమ్మ చూస్తారు, బుట్టలో వేసుకుంటారు."

సీసా తిప్పి ఎంగిలి స్పూను ముక్క పైకి చదివాను. ఇది రాసింది మావారు, కాదంటే ఇప్పుడే ఆయన్ని ఇక్కడికి పిలిపిస్తానన్నాను. వాడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"మీదేనండీ. నేను కాదన్నానా? జీడిమెట్లలో మనకి తెలిసిన ప్యాకింగ్ యూనిట్ ఉంది, వాళ్ళు పోసి ఇస్తున్నారు. మీ జెల్లీ బాగుందనే కదా అంత మంచి సీసాలో పోయించింది. డబ్బా డబ్బాకీ తీసుకుంటున్నాను, మీకు వచ్చిన నష్టమేంటో నాకు అర్థం కావట్లేదు."

"మరి రుచి తగ్గిందన్నారు?"

"అలా అనకపోతే మీరు సీసాలనీ, పేరనీ పట్టుకు కూర్చునేవారు."

అప్పుడు ఏకిపారేశాను. కొట్టంతా వినపడేలా అరిచాను. రుచి తగ్గిందని నువ్వంటే నమ్మి, ఉన్న చేతిరుచి పాడు చేసుకోబోయాను కదరా అన్నాను. కట్టుకున్నవాణ్ణి, కన్నపిల్లల్ని నమ్మకుండా నిన్ను నమ్మాను కదా అన్నాను. నల్లగండ్లలో ఒకామె పొద్దున్నే లేచి, కొమ్మలు వంచి ఒక్కొక్క కాయ తెంపి తెస్తుంటే, దాని మీద గళ్ళ లంగావాడి బొమ్మ వేసి అమ్ముకుంటావా, మన వైపు మనిషివని చెప్పుకోవడానికి సిగ్గు లేదా అన్నాను. బుట్టలు పట్టుకుని తిరుగుతున్నవాళ్ళు ఆగి చూశారు. ఇద్దరు ముగ్గురు దగ్గరికి వచ్చారు. ఇప్పుడు వీళ్ళంతా వీణ్ణి నిలదీస్తారనుకున్నాను.

మా తోటికోడలు వాడి వైపు తిరిగింది. "నిజంగా మా అక్కయ్యగారు చేసిందేనాండీ?"

వాడు తలూపాడు.

ఆ పిల్ల తన బుట్టలోంచి రెండు సీసాలూ తీసి, ఒకదాని పక్కన ఒకటి, పై అరలో మళ్ళీ సర్ది పెట్టేసింది. కోట బొమ్మ ముందుకు కనపడేలా జాగ్రత్తగా తిప్పింది.

"మీదైతే ఇంట్లోనే ఉంటుంది కదక్కా, ఊరికే డబ్బులెందుకు తగలెయ్యడం. నాక్కావాలంటే మీరే ఇస్తారు," అంది. ఆ తర్వాత, నన్ను నొప్పించాలని కాదు, ఉన్నమాటే అన్నట్టు, "మేనేజర్‌గారికి చందానగర్‌ది ఇస్తే ఏం బాగుంటుంది? ఆయనకి ఇంకేదైనా చూస్తాను," అంది.

దగ్గరికి వచ్చినవాళ్ళలో ఒకావిడ కూడా తన బుట్టలోని సీసా తీసి మెల్లగా అరలో పెట్టేసి వెళ్ళిపోయింది. నా సీసా కోసం కిందికి ఎవరూ వంగలేదు. వాడు నవ్వలేదు. నవ్వి ఉంటే ఆ సీసాతోనే వాడి నెత్తి పగలగొట్టి ఉండేదాన్ని.

"చూశారుగా," అన్నాడంతే.

కిందికి వంగి చీపుళ్ళు పక్కకి నెట్టి నా సీసాలు ఒక్కొక్కటే తీసి, కొంగుతో తుడిచి సంచిలో పెట్టుకున్నాను. దీపావళి దాకా ఆగాల్సిన పని లేకుండా అర నేనే ఖాళీ చేసి ఇచ్చాను. వాడు వెనక నిలబడి, ఏమీ జరగనట్టే, "డబ్బాలు ఎప్పట్లాగే మంగళవారం తెస్తారు కదండీ?" అన్నాడు.

"స్కాట్లాండు నుంచి తెప్పించుకోండి," అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడే నల్లగండ్ల ఆవిడ కళ్ళ ముందు మెదిలింది. ఆ చలికాలమంతా ఆమె గంప మళ్ళీ మార్కెట్లోనే దిగింది. ఇంటింటికీ తిరిగి నేనమ్మే సీసాలకి ఎన్ని కాయలు కావాలి గనక? ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. మిగతా కాయలు సాయంత్రానికి మెత్తబడిపోతుంటే అటువైపు చూడలేక నేను వేరే సందులోంచి ఇంటికి వచ్చేదాన్ని.

ఆ రోజు సంచి మోసుకుంటూ బయటికి రాబోతే, బిల్లు కౌంటర్ దగ్గర మా తోటికోడలు వరసలో నిలబడి ఉంది. చేతిలో నీలం రంగు రేకు డబ్బా. మూత మీద మంచు, గాలిమర, డెన్మార్క్ బిస్కెట్లని పెద్ద అక్షరాలు. డబ్బాని అటూ ఇటూ తిప్పి, వెనక సన్నటి అక్షరాలన్నీ ఓపిగ్గా చదివింది. అయినా అనుమానం తీరక, నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలో మెల్లగా అడిగింది.

"అక్కా, ఇది మాత్రం మీరు చేసింది కాదు కదా?"

"కాదమ్మా," అన్నాను.

"హమ్మయ్య," అని డబ్బా కౌంటర్ మీద పెట్టింది.